బొగ్గికి కిరాయి

గద్వాలలో అద్దె ఇల్లు వెతుక్కునే నేతగాడు గోడలు చూడడు, కప్పు చూడడు. నేరుగా లోపలికి వెళ్ళి మగ్గం గుంటలో దిగి, అడుగున అరచెయ్యి ఆనించి చూస్తాడు. చేతికి చెమ్మ తగిలితే ఆ ఇల్లు వద్దు. మల్లేశం అప్పటికి అట్లా ఎన్నో గుంటల్లో దిగి, మొహం వేలాడేసుకొని బయటికొచ్చాడు. రామేశ్వరమ్మ ఇంట్లో మాత్రం గుంటలోంచి తలెత్తి పెళ్ళాం వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడగానే జోగులమ్మ గుండె దడదడ కొట్టుకుంది. సంతోషమొచ్చినా సరే, ఆమెకు ముందు వచ్చేది దడే.

కారణం లేకపోలేదు. వాళ్ళు ఉంటున్న ఇంట్లో రెండు వానలు పడితే చాలు, గుంటలో నీళ్ళు ఊరేవి. గుంట మగ్గం మీద పనంటే పొద్దంతా కాళ్ళు ఆ గుంటలోనే ఉండాలి. మల్లేశానికి మోకాళ్ళు పట్టేశాయి. నాలుగేళ్ళ కూతురు జములమ్మకు ఆ చెమ్మకే దగ్గు పట్టుకొని దవాఖాన చుట్టూ తిరగాల్సి వచ్చింది. జోగులమ్మ రాజోలి పిల్ల. ఆరో తరగతిలో ఉండగానే బడి మాన్పించి రాట్నం ముందు కూర్చోబెట్టారు, ఆ వెనకే పెళ్ళి చేశారు. పుస్తకాల్లోని సంగతులు తెలియకపోయినా, భయపడాల్సిన సంగతులు మాత్రం ఆమెకు ఒక్కటీ తప్పకుండా తెలుసు. పిల్ల దగ్గితే భయం. దగ్గకుండా నిద్రపోతే ఊపిరాడుతోందో లేదోనని భయం. ఈ పొడి గుంట ఇల్లు దొరికితే ఆ భయాల్లో సగమన్నా తగ్గుతాయని ఆశ.

ఇంటామె రామేశ్వరమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. భర్త బాలయ్య కూడా నేతగాడే; పోయి చాలా ఏళ్ళయింది. కూతుళ్ళు పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఇల్లు రెండు భాగాలు. ఒకవైపు తనుంటుంది, రెండోవైపు కిరాయికిస్తుంది. నడుమ అడ్డుగోడ ఉంది గానీ అది కప్పు దాకా పోదు. అటు తుమ్మితే ఇటు వినిపిస్తుంది.

"కిరాయి ముచ్చట ఎన్కకు. ముందుగల్ల నా మాటినుండ్రి," అంది రామేశ్వరమ్మ. "నా ఇంట్ల జీవం ఉండొద్దు. మ్యాక ఒద్దు, కోడి ఒద్దు, కుక్క ఒద్దు, పిల్లి ఒద్దు. చిలుకను తెచ్చుకుంట అంటె చిలుక గూడ ఒద్దు."

"మాకేం లేవవ్వా," అన్నాడు మల్లేశం.

"అందరు గట్లనే అంటరు. ఎనుకట ఒకాయన గట్లనే అని మ్యాకను తెచ్చిండు. మా ఆయన తెల్లారంగ బజార్ల పడుగు సాపి గంజి పెడుతుండె. మ్యాకకు గంజి వాసన తెల్వదా? నాక్కుంట నాక్కుంట పోగులు నమలవట్టింది. అదిలిస్తె ఉరికింది. ఉత్తగ ఉరికిందా? పోగులు నోట్ల వెట్టుకోని ఉరికింది! ముంగట మ్యాక, దానెన్క పడుగు, పడుగెన్క మా ఆయన, ఆయనెన్క నేను. కోట దర్వాజ దాక ఉరికినం."

మల్లేశం నవ్వు ఆపుకోలేక పోయాడు.

"నవ్వుతున్నవా? నవ్వు. గా పడుగంత పోయింది. గప్పుడే మొక్కుకున్న. ఎవలన్న నా ఇంటికి జీవాన్ని తెస్తె, వాళ్ళ కాపురానికి కిరాయి ఎంతనో ఆ జీవానికి గూడ గంత వసూలు చేస్త. ఇయ్యకుంటె మగ్గం పీకిస్త. మగ్గం మీద చీర సగం ఉన్నదా, ముప్పావు ఉన్నదా, నేను సూడ."

మగ్గం పీకడమంటే మాటలా? నిలువు పోగుల పడుగు ఎక్కించి సగం నేసిన మగ్గాన్ని కదిలిస్తే పోగులన్నీ చిక్కుపడి ఎందుకూ పనికిరాకుండా పోతాయి. నూలూ పట్టూ ఇచ్చిన షావుకారు మళ్ళీ పని ఇవ్వడు.

"పిల్లా, నువ్వు చెప్పు. గడప ముట్టి చెప్పు," అంది ఇంటామె.

జోగులమ్మ వంగి గడప ముట్టింది. "ఏ జీవం లేదవ్వా," అంది. అది నిజమే. పాత ఇంట్లో తిరిగే బొగ్గి అనే పిల్లిని, నల్లగా బొగ్గు ముక్కలా ఉండేదాన్ని, పక్కింటి రంగమ్మకు అప్పగించి వచ్చింది. జములమ్మ ఏడుస్తుందనుకుంది గానీ ఆ పిల్ల ఎందుకో కిక్కురుమనలేదు.

ఎందుకో, సామాను బండి మీంచి దించాక తెలిసింది. నూలు చుట్టిన కండెల బుట్ట మీద జములమ్మ కూర్చుంది. కూర్చున్నది లేవదు. బువ్వకు రమ్మంటే రాదు, బెల్లం ముక్క చూపిస్తే రాదు. జోగులమ్మ రెక్క పట్టుకొని లేపింది. కండెల మీద కప్పిన గుడ్డ కదిలింది. గుడ్డలోంచి బొగ్గి తల బయటపెట్టి కొత్త ఇంటిని ఒకసారి పరికించి, నచ్చినట్టే ఆవులించింది.

"ఓయమ్మా!" అని జోగులమ్మ తలుపు మూసింది. "ఎందుకు తెచ్చినవే?"

"అదే వస్త అన్నది," అంది జములమ్మ.

"పిల్లి మాట్లాడిందా నీతోని?"

"ఊఁ. మ్యావ్ అన్నది."

గడప ముట్టిన చేతిని జోగులమ్మ కొంగుకు తుడుచుకుంది. తెల్లారగానే రంగమ్మ దగ్గరికి తీసుకుపొమ్మని మొగుణ్ణి బతిమాలింది. తెల్లవారేసరికి బొగ్గి ఒక ఎలుకను పట్టి, కొత్తగా గంజి పెట్టి తెచ్చిన పడుగు మూట పక్కన పడేసి మూతి తుడుచుకుంటోంది. మల్లేశం ఎలుకను చూశాడు, పడుగును చూశాడు. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకు పెళ్ళి భోజనం.

"ఈ పడుగు దిగేదాక ఉండనీ," అన్నాడు.

"అవ్వ ఇంటదయ్యా! సూస్తది!"

"సప్పుడు చెయ్యకుండ ఉండుమని చెప్తలే," అన్నాడు మల్లేశం, పిల్లితో అలాంటి ఒప్పందాలు రోజూ చేసుకునేవాడిలాగా.

బొగ్గి ఒప్పందం నాలుగు రోజులు కూడా నిలబెట్టుకోలేదు. గద్వాల చీరంటే నడుమ నూలు, అంచులు పట్టు. రెండంచులూ నడిమి బట్టతో కలిపి నెయ్యాలంటే ఒక్కరి చేతులు చాలవు, పక్కన ఇంకొకరు కూర్చుని, అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె అందుకోవాలి. ఆ రోజు జోగులమ్మ పక్కన కూర్చుని నాడె అందుకుంటుండగా పట్టుపోగు తెగింది. అతికించడానికి మగ్గం ఆపారు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. సరిగ్గా అప్పుడే బొగ్గి గొంతెత్తి అరిచింది.

"ఏందది మల్లేశం? పిల్లి ఒర్రినట్టున్నది?" అడ్డుగోడ అవతలి నుంచి రామేశ్వరమ్మ.

"పిల్లి గాదవ్వా, మగ్గం గిలక. నూనె లేక మూల్గుతుంది," అన్నాడు మల్లేశం ఠక్కున.

మరో ఇంటామెకైతే ఆ మాట సరిపోయేది. రామేశ్వరమ్మ బాలయ్యకు ముప్పై ఏళ్ళు నాడె అందించిన మనిషి. తన కప్పు కింద ఒక మగ్గం నూనె లేక మూలగడం ఆమెకు తన ఇంట్లో ఎవరో పస్తున్నట్టు అనిపించింది. "ఛీ ఛీ, గట్లుంచుతరా?" అంటూ ఆముదం గిన్నె పట్టుకొని చరచరా వచ్చేసింది. ఆమె గడప దాటేలోపల మల్లేశం పిల్లిని గుంటలో పడేసి, తన కాళ్ళూ అందులో వేలాడేసుకొని, పెద్దమనిషిలా కూర్చున్నాడు. గుంటలో బొగ్గికి ఆ కాళ్ళ బొటనవేళ్ళు దొరికాయి.

రామేశ్వరమ్మ పీట ఎక్కి గిలకకు ఆముదం పోసింది. "ఇగ తొక్కు."

మల్లేశం తొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఏందిరా, ఏడుస్తున్నవ్?"

"మా అమ్మ గుర్తుకొచ్చిందవ్వా. గామె గూడ గిట్లనే నూనె పోస్తుండె."

మగ్గం చప్పుడు లేకుండా ఆడింది. రామేశ్వరమ్మ మొహంలో తృప్తి. సరిగ్గా అప్పుడు గుంటలోంచి "మ్యావ్" అని వినబడింది. జోగులమ్మకు ఇల్లు గిర్రున తిరిగింది. మగ్గం ఊడదీసినట్టు, సామాను మళ్ళీ బండెక్కినట్టు, ఆ తడి గుంట ఇంటి ముందు దిగినట్టు, పిల్ల దగ్గుతున్నట్టు ఒక్క క్షణంలో అన్నీ కనబడ్డాయి.

"నేను! నేను! మ్యావ్!" అని జములమ్మ చేతులూ మోకాళ్ళ మీద పాక్కుంటూ రామేశ్వరమ్మ కాళ్ళ దగ్గరికి వచ్చింది.

ముసలామె చూసింది. నవ్వింది. ఆమె అంత నవ్వు నవ్వగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "అబ్బో, నిజం పిల్లి లెక్కనే ఒర్రుతుందే! ఏదీ, ఇంకోపారి?"

"మ్యావ్!"

ఆ పూట నుంచి జములమ్మకు కొలువు దొరికింది. బొగ్గి అరిచినప్పుడల్లా తనూ అరవాలి. సాయంత్రం అరుగు మీద చేరిన ఆడవాళ్ళ ముందు రామేశ్వరమ్మ పిల్లను నిలబెట్టి, "మావోళ్ళ పిల్ల పిల్లికూత ఇనుండ్రి," అని అరిపించి, గుప్పెడు పల్లీలు చేతిలో పెట్టేది. జోగులమ్మ తలుపు చాటున నిలబడి, లోపల బొగ్గి నోరు మూసి, బయట కూతురి గొంతు వింటూ చెమటలు కక్కేది.

అట్లా చీర సగం దాకా వచ్చింది. జములమ్మకు దగ్గు తగ్గింది. మల్లేశం మోకాళ్ళ నొప్పి మాట ఎత్తడం మానేశాడు. ఇవి రెండూ గమనించుకొని జోగులమ్మ కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకునే వేళకు, ఒక పొద్దున పిల్లిని ఎత్తుకోబోయి ఆగిపోయింది. పొట్ట నిమిరి చూసింది. ఒక్క బిడ్డ తల్లికి ఆ మాత్రం తెలియకపోదు.

"ఏమయ్యా," అంది నీరసంగా. "ఇది ఒట్టిది గాదు."

"అంటె?"

"కడుపుతోటి ఉన్నది."

మల్లేశం గుంటలోంచి పడీ పడీ నవ్వాడు. "ఒక్క పిల్లికి ఒక్క కిరాయి అన్నది గదా అవ్వ. గిప్పుడు ఎన్ని కిరాయిలో!"

"నీకు నవ్వులాటగున్నది. ఒక్క గొంతంటె పిల్ల కప్పిపుచ్చుతుంది. నాలుగైదు గొంతులు ఒర్రితె ఏం జెయ్యాలె? మనం గూడ ఒర్రుదమా?"

చివరికి తనే ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున బస్సుకు రాజోలి పోయి, పిల్లిని పుట్టింట్లో వదిలి, సాయంత్రానికి తిరిగి రావాలి. తల్లి జీవాలను కసురుకునే మనిషి కాదు. ఆ మాట జములమ్మ చెవిన పడింది. ఏడవలేదు, అలగలేదు. కంచం ముందు కూర్చుని నోరు తెరవకుండా ఉండిపోయింది. జొన్నరొట్టె ముక్క నోటి దాకా తెస్తే మొహం తిప్పుకుంది. అది జోగులమ్మకు దగ్గు కన్నా భయం. అయినా మనసు గట్టి చేసుకొని, తెల్లవారి లేచి బుట్ట తెచ్చి, మెత్తటి పాత చీర పరిచి, బొగ్గి కోసం చూసింది.

బొగ్గి లేదు. మూటల వెనక లేదు, గుంటలో లేదు, పొయ్యి గడ్డ మీద లేదు. పిల్లను ఎత్తుకొని వీధి చివరి దాకా వెళ్ళి వచ్చింది. బస్సు వెళ్ళిపోయింది. "యాడికన్న పోయుంటది, పీడ ఇరగడయింది," అన్నాడు మల్లేశం. కానీ ఆ పూట అతనికీ అన్నం సహించలేదు. ఎదురుచూసిన పీడ విరగడయితే ఇట్లా ఉంటుందని జోగులమ్మ అనుకోలేదు.

ఆ రోజు నుంచే రామేశ్వరమ్మ తీరు మారింది.

ముందు అరుగు మీదికి రావడం మానేసింది. ఆడవాళ్ళు వచ్చి పిలిస్తే "జర పనున్నది, మీరు పోండ్రి," అని లోపలి నుంచే అంది. తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసే ఉంటోంది. పాలు పోసే రాములుతో, "రేపటిసంది ఇంకో చెంబు పొయ్యి," అనడం జోగులమ్మ విన్నది. ఒంటి మనిషికి అన్ని పాలెందుకు? ఒక మధ్యాహ్నం తనే వచ్చి గడపలో నిలబడి, "పిల్లా, నీ పురుడప్పుడు మీ అమ్మ ఏం తినవెట్టింది?" అని అడిగింది.

"ఎల్లిపాయ కారం, వేడి బువ్వ పెట్టిందవ్వా. ఎందుకు?"

"ఊకె అడిగిన. ఎండుచాప తినొచ్చునా బాలెంత?"

"తినొద్దన్నరవ్వా."

"గట్లనా," అని ఏదో నష్టం జరిగినట్టు మొహం పెట్టి, "నీ తాన మెత్తటి పాతగుడ్డలుంటె ఇయ్యి," అంది. జోగులమ్మ బుట్టలో పరిచిన పాత చీరే తీసి ఇచ్చింది.

ఇచ్చాక కూర్చుని ఆలోచించింది. పాలు, పాతగుడ్డలు, బాలెంత తిండి. వనపర్తిలో ఉండే పెద్ద కూతురి బిడ్డకు పోయినేడే పెళ్ళి చేశారని ఇంటామె ఒకసారి చెప్పింది. అంతే, అంతా అర్థమైపోయింది. మనవరాలిని పురుటికి ఇక్కడికి తెస్తున్నారు. అంటే గది కావాలి. అంటే వాళ్ళు ఖాళీ చెయ్యాలి. పిల్లి వల్ల పోతుందనుకున్న ఇల్లు, పిల్లి పోయాక పోతోంది.

సరిగ్గా అప్పుడే అడ్డుగోడ అవతల సన్నగా కీచుమని చప్పుడైంది.

"అవ్వా, ఏందో సప్పుడయితుంది?" అంది జోగులమ్మ.

 "నా కడుపు," అంది రామేశ్వరమ్మ. "అలసంద గుడాలు తిన్న. అరుగుతలెవ్వు."

జోగులమ్మ మంచి మనసుతో గుప్పెడు వాము తీసుకెళ్ళి, ముసలామె నోట్లో వేసుకొని నమిలి మింగేదాకా అక్కడే నిలబడి వచ్చింది. తలుపు సందులోంచే ఇచ్చింది. లోపలికి రమ్మని ఆమె అనలేదు.

"పోయి అడుగరాదు?" అన్నాడు మల్లేశం. "అడిగితె ఒకటే దడ. అడగకపోతె రోజూ దడ."

మొగుడు చెప్పిన మాటల్లో అంత నిజమున్న మాట ఇంకొకటి జోగులమ్మకు గుర్తు లేదు. మర్నాడు పని ఆపించి, కూతుర్ని చంకనేసుకొని, ఇంటామె తలుపు ముందు నిలబడింది.

"అవ్వా, ఒక మాట."

"యాళ్ళ గాని యాళ్ళల వచ్చినవ్. మాపటికి రా," లోపలి నుంచి.

"మాపటి దాక ఆగలేనవ్వా. నిద్ర పడతలేదు. మమ్ములను ఖాళీ చెయ్యమంటవా? ఒక్క మాట చెప్పు. ఈ చీర దిగేదాకన్న ఉండనియ్యి. పడుగు ఖరాబయితె షావుకారు మళ్ళ నూలియ్యడు. పిల్లకు ఇప్పుడిప్పుడే దగ్గు తగ్గింది..." 

లోపల మంచం కిర్రుమంది. దాని వెనకే ఒక మూలుగు. జములమ్మ తల్లి భుజం మీదినుంచి తల నిక్కించి, "బొగ్గీ!" అని కేకేసింది.

"మ్యావ్," అంది లోపలి నుంచి.

"సూడు, నీ బిడ్డ మళ్ళ పిల్లికూత మొదలువెట్టింది," అంది రామేశ్వరమ్మ కంగారుగా.

"నేను గాదు," అంది జములమ్మ. "నేను నోరు మూసుకున్న."

 గడియ తీసిన చప్పుడైంది. రామేశ్వరమ్మ తలుపు తెరిచి, దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లలాగా పక్కకు తప్పుకుంది. గదిలో మంచం ఒక మూలకు జరిపి ఉంది. మంచం ఉండాల్సిన చోట నేలలో పాత మగ్గం గుంట, దాని మీద కప్పిన పలకలు రెండు తీసి ఉన్నాయి. లోపల జోగులమ్మ ఇచ్చిన పాత చీర మీద బొగ్గి పడుకుంది. దాని పొట్టకు నాలుగు పిల్లలు అతుక్కొని ఉన్నాయి. రెండు నల్లవి, ఒకటి చారలది, ఒకటి తెల్లది.

"యాడినుంచి వచ్చిందో తెల్వదు," అంది రామేశ్వరమ్మ నేల చూపులు చూస్తూ. "తెల్లారంగ మంచం కింద సప్పుడయింది. పొరక తీసుకున్న, ఎళ్ళగొడుదమని. పలకల సందుల దూరినట్టున్నది, తీసి సూస్తె అప్పుడే ఈనింది. మా ఆయన పోయినంక గా పలకలు ఎన్నడు తియ్యలే పిల్లా. గుంట నిన్న ఊడ్చినట్టే పొడిగున్నది. ఆ పొడి సూసుకొనే వచ్చింది గావచ్చు తల్లి. పొరక యాడ పడేసిన్నో నాకే యాది లేదు. బాలెంత గదనే! బాలెంతను గడప ఎట్ల దాటిస్త? నీతోని చెప్పుదమంటె మొహం చెల్లలే. జీవం ఒద్దని అంతగనం మొత్తుకున్నదాన్ని."

జోగులమ్మ ఇంక దాచలేకపోయింది. గుంట అంచున కూలబడి, ఏడుపూ మాటా కలిపి చెప్పేసింది. "అది మాదే అవ్వా. బొగ్గి. గడప ముట్టిన్నాడు నాకు నిజంగ తెల్వదు, కండెల బుట్టల దాసి తెచ్చింది ఈ పిల్ల. తెలిసినంక చెప్పలేకపోయిన. ఇల్లు పోతదని భయపడ్డ."

రామేశ్వరమ్మ పిల్లిని చూసింది, పిల్లను చూసింది. జరిగిన సంగతులు ఆమె మొహంలో ఒక్కొక్కటే కలుసుకుంటున్నాయి. "అయితె గా మూల్గిన గిలక?"

"గిలక గూడ జర మూల్గిందవ్వా, ఒట్టు," అన్నాడు గుమ్మంలోకి వచ్చిన మల్లేశం.

"నువ్వు మాట్లాడకు! ఇంట్ల ఉన్న ఆముదమంత గా గిలకకు పోస్తి. నీ తల్లి గుర్తుకొచ్చి ఏడ్చినవ్ గదా, నాకు గూడ ఏడుపొచ్చింది తెలుసునా?"

"తల్లి గాదవ్వా, బొటనవేలు. కొరికింది."

రామేశ్వరమ్మ నోరు తెరిచి, ఏదో గట్టిగా అనబోయి, అనలేక నవ్వింది. నవ్వుతూ గుంట అంచున జోగులమ్మ పక్కన చతికిలబడింది. జోగులమ్మకు ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. "మరి వనపర్తి నుంచి మనవరాలు పురుటికి వస్తలేదా?"

"యాడి మనవరాలే? దానికి గింక నెల గూడ తప్పలే!" అని, ఆ పాలూ గుడ్డలూ గుర్తుకొచ్చి, ముసలామె మళ్ళీ పొట్ట పట్టుకొని నవ్వింది. "పిల్లిపిల్లల సప్పుడుకు నాకు గంత వాము తినవెట్టినవ్! నోరు ఇప్పటికి మండుతున్నది."

మల్లేశానికి అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "అవ్వా, ఇగ జీవం మా ఇంట్ల లేదు, నీ ఇంట్ల ఉన్నది. కిరాయి ఎవలు ఎవలికియ్యాలె?"

 రామేశ్వరమ్మ చేతికి దొరికిన పాతగుడ్డ ఉండచుట్టి అతని మీదికి విసిరింది. "పురుడెళ్ళేదాక కిరాయి ముచ్చట ఎత్తకు. పో, మగ్గం కాడికి!"

పురుడెళ్ళేదాకా. ఆ మాట జోగులమ్మ మనసులో ముల్లులా దిగింది. ఆ తర్వాత? అడగాలని చాలాసార్లు అనుకుంది. కానీ ఇల్లు అంత సందడిగా ఉన్నప్పుడు ఆ ప్రశ్న ఎక్కడ దూర్చాలో తెలియలేదు. రామేశ్వరమ్మ మంచం మూలకే ఉండిపోయింది. పొద్దస్తమానం తలుపులు బార్లా. గుంట అంచున ఒకవైపు ముసలామె, ఒకవైపు జములమ్మ కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంటే, పిల్లిపిల్లలు వాళ్ళ పాదాల మీదికి ఎక్కేవి. దిష్టి తగులుతుందని రామేశ్వరమ్మ వాటి మెడలకు నల్లదారాలు కట్టింది. నల్లవాటికి నల్లదారం కనబడదని ఎరుపు కట్టింది. బువ్వ మానేసిన జములమ్మ కంచం ఊడ్చి తినడం మొదలుపెట్టింది. చీర దిగింది. షావుకారు అంచు మీద వేలు రాసి చూసి, మాట్లాడకుండా ఇంకో పడుగుకు నూలిచ్చాడు.

వానలు దగ్గర పడేసరికి సంగతి వీధంతా పాకింది. వానాకాలమంటే ఎలుకలు ఇళ్ళల్లోకి చేరే కాలం. ముందుగా వచ్చినవాడు చివరి ఇంటి ఎల్లన్న. "అవ్వా, పిల్లి పిల్లలున్నయంట. మాకొకటియ్యి. పట్టు కొరికి సంపుతున్నయ్ ఎలుకలు."

"ఊకె ఇస్తరా?" అంది రామేశ్వరమ్మ. "మీ ఇంటికి వచ్చి సూసినంకనే."

అన్నట్టే వెళ్ళింది. చారల పిల్లను జోగులమ్మ కొంగులో పెట్టి, ఆమెనూ వెంటేసుకొని ఎల్లన్న ఇంటికి పోయింది. ఆడబిడ్డకు సంబంధం చూడబోయిన పెద్దమనిషి కూడా అన్ని ప్రశ్నలు వెయ్యడు. పాలెవరు పోస్తరు? సల్లటి పాలా, కాచిన పాలా? రాత్రి యాడ పండుకుంటది? తోక పట్టి గుంజే పోరగాండ్లు ఎందరు? ఎల్లన్న తల్లి భీమమ్మ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి పెరట్లో కట్టేసిన కుక్క మొరిగింది. రామేశ్వరమ్మ లేచి నిలబడింది.

"కుక్క ఉన్నదని ముందుగల్ల ఎందుకు చెప్పలే?"

"మంచి కుక్కవ్వా, కట్టేసే ఉంటది," అన్నాడు ఎల్లన్న.

"కట్టు తెగితె? గీ సంబంధం మాకొద్దు. పా పిల్లా."

బయటికొచ్చాక జోగులమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకొని నిలబడిపోయింది. ఒక మనిషి భయాన్ని ఇంకొకరు మోస్తుంటే చూడ్డం ఆమెకు కొత్త. ఆ నవ్వులోనే, ఇన్నాళ్ళూ నోటి దాకా రాని ప్రశ్న జారిపడింది. "అవ్వా, పురుడెళ్ళిపోయింది గదా. మరి మేముండాల్నా, పోవాల్నా?"

రామేశ్వరమ్మ నడక ఆపలేదు. "ఏం మాట్లాడ్తున్నవ్? తెల్లది నాది. దాన్ని ఎవలికియ్య. దానికి ఎలుకలు పట్టుడు ఎవలు నేర్పాలె, నేనా? నా మోకాళ్ళు ఒంగుతయా? తల్లి నేర్పాలె. తల్లి ఉండాల్నంటె నీ బిడ్డ ఉండాలె. నీ బిడ్డ ఉండాల్నంటె నువ్వుండాలె. గా మల్లేశం ఒక్కడే పోతా అంటె పోనీ."

"కిరాయి?"

"నీ కాపురానిది నువ్వియ్యి. తెల్లదానిది నేనిచ్చుకుంట, నాకు నేనే."

"బొగ్గిది?"

ముసలామె ఆలోచించింది. "బొగ్గి పనిజేస్తుంది గదనే. పనిజేసేదాని తాన కిరాయి ఎట్ల తీసుకుంట?"

వీధిలో గంజి పట్టిన పడుగులు వరసగా సాగదీసి ఉన్నాయి. నేతగాళ్ళు కుంచెలు ఆపి వీళ్ళ వైపు చూస్తున్నారు. చారల పిల్ల జోగులమ్మ కొంగులోంచి తల బయటపెట్టి, వీధి వీధంతా వినేటట్టు అరిచింది. జోగులమ్మ కొంగు కప్పలేదు. పిల్ల ఇంకొంచెం బయటికి రావడానికి వీలుగా ముడి వదులు చేసి, పడుగుల పక్కనుంచి తాపీగా నడిచింది.